గల్లీకంతటికీ ఒకటే కుర్చీ

పీజీ చదువుతుండగా, అసమానతను అంకెల్లో పట్టుకోవాలని నాకు గట్టిగా అనిపించింది. అంకెలు అభ్యంతరం చెప్పలేదు కాబట్టి లక్డారం వెళ్లాను. చుట్టూ ఫ్యాక్టరీలున్న ఊరది, అక్కడ బోరు నీళ్లు పచ్చగా వస్తాయి. ఒక కంపెనీ ఏదో ఒక గల్లీకి మంచినీళ్ల ఫిల్టరు పెడతానంది. అందరికంటే పేద గల్లీ ఏదో నా సర్వే తేల్చాలి.

ఇంట్లో ఉన్న వస్తువులకు ట్యాబ్‌లో టిక్కులు పెట్టాలి. టిక్కులు తక్కువైతే పేదవాళ్లు. పేదరికం ఇంత సులువని పేదవాళ్లకు ఇంకా తెలియదు.

మొదటి గల్లీలో ప్రతి ఇంట్లోనూ నాకు ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ వేశారు. టిక్కు పెట్టాను. కాసేపటికి, అన్ని కుర్చీలకూ ఒకే కాలు విరిగి, ఒకే తీగతో కట్టి ఉన్నట్టు గమనించాను. నేను వాకిట్లో చెప్పులు తొడుక్కునేలోపు కుర్చీ వెనక సందులోంచి పక్కింటికి చేరుతోంది.

అప్పుడు నేనున్న ఇంటామె బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేస్తుంది. ఆ బోరు నీళ్లకు ఆమె పాప ఒళ్లంతా దద్దుర్లు.

"అక్కా, ఈ కుర్చీ మీదేనా?"

"గల్లీకంత గిదొక్కటే సార్. ఇంటికొచ్చినోల్లను కింద కూసోపెడ్తమా?"

"కుర్చీ ఉంటే ఫిల్టరు రాదక్కా."

ఆమె పాప వైపు చూసింది. "అయ్యో, జల్దీ తీసెయ్ సార్ ఆ టిక్కు!"

గల్లీలో కుర్చీ టిక్కులన్నీ తీసేశాను. అయితే, తనిఖీకి కంపెనీ ఆఫీసరు వస్తున్నాడని గల్లీకి తెలిసింది. పెద్దసారుకు విరిగిన కుర్చీ ఏం బాగుంటుందని ఊళ్లో పటేల్ ఇంటి నుంచి సోఫా మోసుకొచ్చి ఆమె ఇంట్లోనే వేశారు.

"సోఫా మీదేనా అమ్మా?" అన్నాడు ఆఫీసరు.

కాదనమని ఆమెకు సైగగా నేను తల అడ్డంగా ఊపాను. గుమ్మంలో గల్లీ ఆడవాళ్లంతా ఉన్నారు. ఆమె కొంగు సర్దుకుంది.

"మాదే సార్. మంచిగ కూసోండ్రి."

ఫిల్టరు వెనక గల్లీకి వెళ్లింది. అక్కడ ఒడిశా కార్మికులు ఉంటారు. షిఫ్టుకు ఆలస్యమవుతోందని నన్ను వాకిట్లోనే నిలబెట్టి జవాబులు చెప్పిన వాళ్లు. పేదవాళ్లే, అందులో పొరపాటు లేదు.

తర్వాత ఒకసారి వెళ్తే ఆమె ఆ ఫిల్టరు దగ్గర బిందెతో వరుసలో నిలబడి ఉంది. పాపకు జెర నయమేనట.

"ఇంకో సర్వే ఉంటే ముందుగాల చెప్పు సార్."

"ఎందుకక్కా, మళ్లీ సోఫా తెస్తారా?"

"లే సార్. ఇంటికి తాళమేసి పోతం."