ఇటలీ బండికి జాకెట్టు కొలతలు

పెట్రోలు ట్యాంకుకీ జాకెట్టుకీ పెద్ద తేడా లేదు. ఈ మాటంటే మా ఇంట్లో ఇప్పటికీ ముఖాలు మాడ్చుకుంటారు కాబట్టి వాళ్ళ ముందు అనను, ఇక్కడ రాస్తున్నాను. రెండూ చదునుగా ఉన్న ముక్కని గుండ్రంగా తిప్పే పనులే. గుడ్డయినా రేకయినా తనంతట తాను వంపు తిరగదు. ఒకచోట కొంచెం తీసెయ్యాలి, ఇంకోచోట కొంచెం సాగదియ్యాలి. తీసెయ్యడాన్ని మేం టక్కు అంటాం. ఆ పనే మగవాళ్ళు రేకు మీద చేస్తే విద్య అంటారు, మేం గుడ్డ మీద చేస్తే కాలక్షేపం అంటారు.

మాది చిలకలూరిపేట. హైవే పక్కనే నాన్న టింకరింగ్ షెడ్డు, దాన్ని ఆనుకుని మా ఇల్లు. లారీల మడ్‌గార్డులు, సొట్టలు పడ్డ మోటారు సైకిలు ట్యాంకులు, పత్తి చేలకి మందు కొట్టే స్ప్రేయర్లు నాన్న దగ్గరికి వచ్చేవి. తొంభైల చివర పత్తికి పురుగు పట్టి ఎవరికీ కంటి మీద కునుకు లేని రోజుల్లో, కారుతున్న స్ప్రేయర్లు మా గుమ్మం దాకా వరుసలో ఉండేవి. ఇల్లంతా పురుగుమందు కంపు. ఆ సుత్తి మోతలోనే నాన్నకి చెవులు పోయాయి. పూర్తిగా కాదు. ఎప్పుడు వినపడాలో, ఎప్పుడు వినపడకూడదో ఆయన చెవులకి బాగా తెలుసు.

నేను ముందు గదిలో జాకెట్లు కుట్టేదాన్ని. నా మిషనుకీ, నాన్న రేకు పెట్టి కొట్టే దాగలికీ మధ్య ఒక గోడ, ఆ గోడకి ఒక కిటికీ. కిటికీలోంచి చూసి చూసి రేకు ఎక్కడ సాగుతుందో, ఎక్కడ మొరాయిస్తుందో నాకు తెలిసిపోయింది. లోపలికి మాత్రం వెళ్ళకూడదు. మా షెడ్డులో ఆడవాళ్ళు ఏడాదికి ఒక్కరోజే అడుగుపెడతారు. దసరాకి పనిముట్లన్నీ కడిగి వరసగా పెడితే వాటికి పసుపు రాసి బొట్టు పెట్టాలి. మర్నాటి నుంచి మళ్ళీ కిటికీయే. ఎందుకని అమ్మనడిగితే "అదంతే" అంది. మా అమ్మ దగ్గర చాలా ప్రశ్నలకి అదే జవాబు.

నాకు ఆ షెడ్డులో పని చెయ్యాలని ఉండేది. జాకెట్టు ఎంత బాగా కుట్టినా మూడో ఉతుక్కి సాగుతుంది, ఆరునెలలకి మనిషి లావవుతుంది, తప్పు నా మీదికి వస్తుంది. రేకు అలా కాదు. ఒకసారి వంచితే ఆ వంపులోనే ఉంటుంది. మాట మార్చని వస్తువు ఒకటి చేతిలో ఉండాలని నాకు కోరిక.

రెండు వేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్ళకి ఒక జిన్నింగు మిల్లు షావుకారు మా షెడ్డుకి వచ్చాడు. మిల్లు యంత్రాలు చూడ్డానికి ఇటలీ వెళ్ళి, యంత్రాల సంగతి మర్చిపోయి ఒక మోటారు సైకిలు మీద మనసు పారేసుకుని వచ్చిన మనిషి. దాన్ని ఇక్కడికి తెప్పించుకునే దారి లేక, దాని బొమ్మల పుస్తకం తెచ్చుకున్నాడు. తన దగ్గరున్న పాత మూడొందల యాభై సీసీ బండిని అచ్చం అలా చేసి పెట్టమన్నాడు.

ఆ పుస్తకాన్ని అన్నయ్య చదివి వినిపించాడు. అన్నయ్య నాకన్నా రెండేళ్ళు పెద్ద. సుత్తి పట్టడం కన్నా షావుకార్లతో మాట్లాడడం బాగా వచ్చు. ఆ బండి కొత్తదే కానీ ముప్ఫై ఏళ్ళ కిందటి దానిలా కనిపించాలని తయారు చేశారట. గుండ్రటి లైటు, పుల్లల చక్రాలు, ఒక్కరే కూర్చునే సీటు, ఆ సీటు వెనక చిన్న మూపురం. లోపల మాత్రం పెట్రోలు ఎంత పొయ్యాలో కంప్యూటరు చూసుకుంటుంది. అంటే మేం పాత బండిని, పాతదానిలా కనిపించే కొత్త బండిలా మార్చాలి. నాన్న పాతవాటిని కొత్తగా చూపించడంలోనే జుట్టు నెరిసిన మనిషి. డబ్బున్నవాళ్ళకి పాతతనం కూడా కొత్తగానే కావాలన్నమాట.

కానీ ఆ బొమ్మలు చూస్తే నా కోపం నిలవలేదు. రెండు సిలిండర్లలో ఒకటి ముందుకు పడుకుని ఉంది, గాలి తిన్నగా దానికే తగిలేలా. ఇంకోటి దాని వెనక నిటారుగా లేచి ఉంది. సన్నటి గొట్టాలని త్రికోణాలుగా అతికి చట్రం కట్టారు, దాచకుండా బయటికే వదిలేశారు. వాల్వు తెరుచుకున్నాక మూసుకోవడానికి మామూలు బళ్ళలో స్ప్రింగు ఉంటుంది. వీళ్ళు స్ప్రింగుని నమ్ముకోలేదు. తెరవడానికి ఒక చెయ్యి, మూయడానికి ఇంకో చెయ్యి పెట్టారు. వదిలేస్తే అదే వెనక్కి వస్తుందిలే అనుకోని ఆ ఇంజనీరు నాకు చాలా నచ్చాడు. నేనూ అలాగే ఉండవలసింది.

అన్నిటికన్నా ట్యాంకు. పొడుగ్గా, సన్నగా, మోకాళ్ళు ఆనే చోట రెండు పక్కలా లోపలికి నొక్కినట్టుంది. దాని కింది అంచు సీటు గీతలో కలిసిపోయింది. ఎక్కడా అతుకు కనపడదు. నాన్న రెండుసార్లు కొట్టాడు. మొదటిది సొరకాయలా వచ్చింది. రెండోదానికి మోకాళ్ళ పల్లం ఒకవైపు లోతుగా, ఒకవైపు చదునుగా ఉంది. మూడోసారి రేకు తియ్యకుండా, కింద పెట్టి కొట్టే ఇసుక సంచి మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

ఆ పుస్తకం కిటికీ గట్టు మీద ఉంటే నేను తీసుకున్నాను. ట్యాంకు మీద వెలుగు ఎక్కడ విరిగిందో చూస్తే టక్కు ఎక్కడ పడాలో తెలిసిపోయింది. అది ఒకే ముక్క కాదు, ఏడు ముక్కలు. పాత పేపరు మీద గీసి, కత్తిరించి, గుండుసూదులు గుచ్చి నిలబెట్టాను. కాయితం ట్యాంకు. దాన్ని కిటికీలోంచి నాన్నకి ఇచ్చాను.

నాన్న దాన్ని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు.

"ఎవరు నేర్పారమ్మా నీకు?"

"జాకెట్లు" అన్నాను.

ఆయన నవ్వాడు. నన్ను చూసి నాన్న అలా నవ్వడం నాకు గుర్తున్నంతలో అదొక్కసారే. తర్వాత నా టేపు అడిగి తీసుకుని, దాని కొసని కాలి కింద తొక్కి నిలబడమని, కిటికీలోంచే చెయ్యి చాపి నేల నుంచి నా నడుము దాకా కొలిచాడు.

"ఈ ట్యాంకు కుదిరితే షెడ్డులో నీకు కటింగు బల్ల వేయిస్తాను. ఎవరేమన్నా సరే" అన్నాడు.

ఎవరేమన్నా సరే అన్నాడు. నేను ఆ మాట పట్టుకుని పని చేశాను.

ముక్కలన్నీ మందపాటి అట్ట మీద గీశాను. కుడి, ఎడమ, ముందు, వెనక అని రాశాను. టక్కు పడే చోట చిన్న త్రికోణం కోశాను. అన్నయ్య వాటిని రేకు మీద పెట్టి గీసి కోసేవాడు, నాన్న కొట్టేవాడు. కొట్టిన ముక్క కిటికీ దగ్గరికి వచ్చేది, నేను చేత్తో తడిమి ఎక్కడ ఎత్తుందో సుద్దతో గుర్తు పెట్టేదాన్ని. పన్నెండు రోజులు మా ఇంట్లో వేళకి వంట లేదు. నేను అంత సంతోషంగా ఎప్పుడూ లేను.

తప్పు కూడా ఆ సంతోషంలోనే జరిగింది. మా ఊళ్ళో జాకెట్టు గుడ్డ ఇస్తూ ఏ ఆడదైనా మొదట చెప్పేది ఒకటే, "లోపల గుడ్డ వదలమ్మా, రేపు లావైతే విప్పుకోవచ్చు" అని. అరంగుళం వదలకుండా నా చెయ్యి కత్తెర ఆడించదు. అట్టలకీ అలాగే వదిలాను, లోపలికి మడవాలని చుక్కల గీత కూడా గీశాను. ట్యాంకు లావు కాదన్న సంగతి నాకు తట్టలేదు. నాన్నకి తట్టాలి. కానీ అంచులు లోపలికి మడిస్తే బయట అతుకు కనపడడం లేదు, అచ్చం బొమ్మలోలా ఉంది. ఆయన మురిసిపోయి అలాగే మడిచి, బయటి నుంచి గ్యాసు వెల్డింగు పెట్టించాడు. తొట్టిలో ముంచి గాలి కొట్టి చూస్తే ఒక్క బుడగ రాలేదు.

ఎండిన మిరపకాయ రంగు వేశారు. బండి బయటికి తీసిన రోజు హైవే మీద లారీలు ఆపుకుని చూశారు. షావుకారు ట్యాంకు మీద చెయ్యి వేసి, ముందు నుంచి వెనక దాకా నిమిరాడు.

"ఎవరి బుర్ర మేస్త్రీ ఇది?"

నేను కిటికీ వెనకే ఉన్నాను. నాన్న కళ్ళు ఒకసారి ఇటు తిరిగాయి కూడా.

"మావాడేనండి" అన్నాడు.

అన్నయ్య కాదనలేదు. ముక్కలు ఎలా విడదీశాడో, పల్లం ఎలా తెచ్చాడో చేతులు తిప్పుతూ చెప్పుకుపోయాడు. అన్నీ సరిగ్గానే చెప్పాడు, నేను చెప్పినవే కాబట్టి. ఆ సాయంత్రం అన్నం పెడుతూ బల్ల సంగతి అడిగాను. "బల్లదేముందమ్మా, వేయిద్దాంలే" అన్నాడు నాన్న. ఆ "లే" దగ్గరే నాకు అర్థం కావలసింది.

వానలు వచ్చాయి. షావుకారు ఆ బండి మీద ఆదివారాలు అద్దంకి దాకా వెళ్ళొచ్చేవాడు. మూత దగ్గర నుంచి దిగిన వాన నీరు మడతల్లోకి చేరి కూర్చుంది. ట్యాపు విప్పి పెట్రోలంతా వంచినా మడతలో చేరినది బయటికి రాదు. అక్కడ తుప్పు పట్టి లోపల నుంచి తినుకుంటూ వచ్చింది. ఒక మధ్యాహ్నం షావుకారు బండిని మిల్లు ఆవరణలో, విడి పత్తి కుప్పల పక్కన ఆపి లోపలికి వెళ్ళాడు. కూలీలకి పెట్రోలు వాసన కొట్టింది. చూస్తే బండి కింద నేల తడిసి, ఆ తడి కుప్ప అంచుదాకా పాకింది. ఎవరైనా బీడీ ముట్టించి ఉంటే మిల్లూ మనుషులూ మిగిలేవాళ్ళు కాదు.

బండిని ఇద్దరు హమాలీలు తోసుకుంటూ తెచ్చారు. వెనక షావుకారు.

"ఇది చేసినోడెవడయ్యా? కొంప తగలబడేది."

అన్నయ్య ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"కటింగు మా చెల్లెలిదండి" అన్నాడు.

షావుకారు కిటికీ వైపు చూశాడు. నేను అక్కడ ఉన్నానని ఆయనకి తెలియడం అదే మొదలు.

"ఆడపిల్లతో ట్యాంకు కోయించావా మేస్త్రీ? సిగ్గుండక్కర్లా?"

నాన్న దాగలి మీద ఉన్న రేకు వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆయనకి వినపడలేదట. రోడ్డు మీద హమాలీలకి వినపడింది, వంటింట్లో అమ్మకి వినపడింది.

ట్యాంకు కోసి చూపిస్తే మడత పొడుగునా తుప్పు. తప్పు నాదే, దాని మీద నాకు ఎవరితోనూ తగువు లేదు. చుక్కల గీత నేనే గీశాను. నాకు మండేదల్లా ఒకటే. ట్యాంకు బాగున్నన్నాళ్ళూ అది అన్నయ్యది, కారిన రోజున నాదైంది. నా పని నాదని ఆ షెడ్డులో ఒక మనిషి నోటితో అన్నది ఆ ఒక్కసారే, అదీ తిట్టడానికి.

ఆ పూటే ఏడు అట్టలూ మళ్ళీ గీశాను. అరంగుళాలు తీసేశాను, అంచులు ఆనించి అతకాలని రాశాను. కిటికీలోంచి ఇస్తే అన్నయ్య తీసుకున్నాడు. ఆ రెండో ట్యాంకు ఎన్నేళ్ళయినా కారలేదు. షావుకారు శాంతించాడు. ఆయన్ని చూసి ఇంకొకరు, వాళ్ళని చూసి మరొకరు. మిర్చి వ్యాపారులు, లారీ ఓనర్ల కొడుకులు, గుంటూరు కాలేజీ కుర్రాళ్ళు, అందరికీ ఆ ఇటలీ ట్యాంకే కావాలి. షెడ్డుకి కొత్త బోర్డు రాయించారు. నాన్న పేరు, దాని కింద "అండ్ సన్". నేను జాకెట్లు కుట్టుకుంటున్నాను. లోపల గుడ్డ వదులుతున్నాను.

తర్వాతి దసరాకి అమ్మ పసుపు కుంకాల పళ్ళెం నా చేతిలో పెట్టి షెడ్డులోకి పంపింది. దాగలికి పెట్టాను, సుత్తులకి పెట్టాను, కత్తెర్లకి పెట్టాను. గోడకి మేకుల మీద నా ఏడు ముక్కలు వేలాడుతున్నాయి. అట్టవి కావు. అట్టలు నలిగిపోతాయని అన్నయ్య వాటిని రేకు మీదికి ఎత్తించాడు. నా త్రికోణాలు కూడా అలాగే కోశాడు. నేను రాసిన "కుడి", "ఎడమ" కూడా నా దస్తూరీలోనే రేకు మీద పంచితో చుక్కలు చుక్కలుగా కొట్టించాడు.

"వాటికి కూడా పెట్టమ్మా, మనకి అన్నం పెట్టేవి అవే" అన్నాడు అన్నయ్య.

పెట్టాను. ఏడింటికీ పెట్టాను.

కిటికీ పక్కన కొత్త బల్ల ఉంది. నాన్న టేకు చెక్కతో చేయించాడు, పైన రేకు పరిచాడు. దాని దగ్గరికి వెళ్ళి నిలబడితే అంచు సరిగ్గా నా నడుము దగ్గరికి వచ్చింది. అన్నయ్య నాకన్నా జానెడు పొడుగు.

"ఎవరి కొలతకి చేయించావో గానీ నాన్నా, దీని మీద వంగి వంగి నడుము పోతోంది" అన్నాడు అన్నయ్య.

నాన్నకి వినపడలేదు. నేను బల్లకి బొట్టు పెట్టి, పళ్ళెం తీసుకుని ఇంట్లోకి వచ్చేశాను.