పుట్టని గుర్రప్పిల్లల లెక్క

ఒక మగగుర్రానికి వెయ్యికి పైగా పిల్లలు పుట్టాయని ఎవరైనా చెబితే నోరు తెరుచుకుని వింటారే, దాని దగ్గరికి తీసుకెళ్ళినా చూలు నిలవక వట్టి కడుపుతో తిరిగొచ్చిన ఆడగుర్రాలు ఎన్ని అని మీరు ఎన్నడైనా అడిగారా?

నేను అడిగాను. మొన్న శుక్రవారం ఇక్కడ బహ్రెయిన్‌లో, రిఫా ఊళ్ళో మా అమ్మాయి ఇంట్లో భోజనాలయ్యాక మా అల్లుడు ఫోను చూస్తూ, పందెపు గుర్రాల్లో పేరుమోసిన థరోబ్రెడ్ మగగుర్రాలు బతికినంత కాలంలో ఎన్నెన్ని పిల్లలకు తండ్రులయ్యాయో, ఒక్కొక్కటీ సీజనులో వందకు మించి ఆడగుర్రాలను ఎలా దాటుతుందో, ఇక్కడ సీజను అయిపోగానే విమానమెక్కి భూగోళం అవతలి దేశాలకు ఎలా వెళ్తుందో ఊరిస్తూ చదువుతున్నాడు. ఈ జాతిలో మన ఆవులకు చేసినట్టు సూదితో చూడి కట్టించడానికి ఒప్పుకోరు కనుక ప్రతి పిల్ల వెనకా ఆ గుర్రం స్వయంగా పడిన శ్రమ ఉందని కూడా చెప్పాడు. అప్పుడడిగాను, మిగిలినవాటి లెక్క ఏదీ అని. "మీకు గుర్రాల మీద కూడా అనుమానమేనా అత్తయ్యగారూ?" అని అతను నవ్వాడు. గుర్రాల మీద కాదు నాయనా, లెక్క రాసేవాళ్ళ మీద.

ఈ అనుమానం నాకు మా నాన్నగారిచ్చిన ఆస్తి. కృష్ణా జిల్లాలో మా చిన్న ఊరికి వక్తలొచ్చి విధవా వివాహం గురించీ, దయ్యాల గురించీ, జాతకాల గురించీ వాదించుకునే రోజుల్లో ఆయన నన్ను సైకిలు ముందు కూర్చోబెట్టుకుని ఆ సభలన్నిటికీ తీసుకెళ్ళేవారు. అక్కడ వెనక బెంచీలో ఒక ముసలాయన ఉండేవాడు. వేదిక మీద ఎవరైనా "అందరూ అంటున్నారు" అని మొదలుపెట్టగానే ఆయన లేచి "ఎవరు చూశారు?" అనేవాడు. అంతే, మళ్ళీ కూర్చునేవాడు. ఎంతో పెద్ద ఉపన్యాసం ఆ రెండు మాటలకు కుప్పకూలడం నేను కళ్ళారా చూశాను. తరవాత నర్సు చదువు చదివి, పెళ్ళయి, మావారితో బహ్రెయిన్ వచ్చి సల్మానియాలో పెద్దాసుపత్రిలో డ్యూటీలో చేరినా ఆ రెండు మాటలు మాత్రం నా వెంటే విమానమెక్కాయి.

మావారి తమ్ముడు, అంటే మా మరిది, అప్పటికే రిఫా దాటాక ఎడారి అంచున ఉన్న ఒక గుర్రాల శాలలో వాటిని సాకే సాయీసుగా ఉండేవాడు. ఊళ్ళో ఒంగోలు ఎడ్లను సాకిన చెయ్యి కావడం వల్ల ఎంత పొగరుబోతు జంతువైనా అతని దగ్గర మెత్తబడేది. ప్రతి శుక్రవారం మా ఫ్లాటుకు వచ్చి గోంగూరతో అన్నం తిని, గుర్రాల కబుర్లు చెప్పి వెళ్ళేవాడు. ఆ శాలలో విదేశాల నుంచి తెప్పించిన ఎర్రగుర్రం ఒకటుండేదట. దాని సంతానం ఎంతో గొప్పదని, ఏయే దేశాల్లో ఏయే పందేలు గెలిచిందో దాని గది తలుపు మీద ఇత్తడి రేకు కొట్టించారట. కఫీలు, అంటే వీసా ఇచ్చిన ఆ శాల యజమాని, అతిథులను తీసుకొచ్చినప్పుడల్లా ముందుగా ఆ రేకు చూపించేవాడని మా మరిది తన సొంత తాతగారి గొప్ప చెప్పినంత గర్వంగా చెప్పేవాడు.

అతనికి పెళ్ళయి ఏడెనిమిదేళ్ళయినా పిల్లలు లేరు. భార్య, అంటే నా తోటికోడలు, ఊళ్ళో మా అత్తగారి దగ్గర ఉండేది. మా తరంవాళ్ళకు చెప్పక్కర్లేదు, అప్పట్లో ఫోను అంటే పెద్ద ఖర్చు, అందుకని ఊరినుంచి వచ్చేవాళ్ళ సామానులో క్యాసెట్లు వచ్చేవి. వాటిలో అత్తగారి గొంతు, పెరట్లో గేదె అరుపు, వచ్చీపోయే చుట్టాల పలకరింపులు అన్నీ ఉండేవి, నా తోటికోడలి గొంతు ఒక్కటి తప్ప. ఆవిడ గాజుల చప్పుడు మాత్రం వెనకెక్కడో వినిపించేది.

ఒక శుక్రవారం అలా వచ్చిన క్యాసెట్టు పెట్టుకుని ముగ్గురం కూర్చున్నాం. కుశల ప్రశ్నలన్నీ అయ్యాక అత్తగారు గొంతు తగ్గించకుండానే, గొడ్రాలిని ఇంట్లో పెట్టుకుని ఎన్నాళ్ళు చూస్తాం, పక్క ఊళ్ళో ఒక పిల్లను చూసి ఉంచాను, ఈసారి సెలవుకు వచ్చినప్పుడు ముడి వేయించేద్దాం, దీన్ని పుట్టింటికి పంపేద్దాం అని చెప్పేసింది. ఆ మాటలు జరుగుతున్నంతసేపూ వెనక గాజులు చప్పుడవుతూనే ఉన్నాయి. ఆవిడ అక్కడే ఉండి అంట్లు తోముతోందన్నమాట. నేను మా మరిది ముఖం వైపు చూశాను. అతను చాప పురి తెంపుతూ "అమ్మ మాట మాత్రం ఎలా కాదంటాం వదినా, అందరూ అదే అంటున్నారు" అన్నాడు. మావారు ఏమీ వినిపించనట్టు లేచి ఫ్యాను పెంచారు.

వడ్డించాను. అన్నం ముందు కూర్చోగానే మా మరిదికి ఎక్కడలేని కోపం వచ్చింది. అత్తగారి మాట మీద కాదు, శాల మేనేజరు మీద. అతను ప్రాణంగా చూసుకునే ఆడగుర్రం ఒకటి, నుదుట చుక్క ఉన్నది, రెండు సీజన్లుగా ఆ ఎర్రగుర్రానికి చూలు కట్టలేదట. మేనేజరు "గొడ్డుది, ఖలాస్" అని ఒక్క మాటతో దాన్ని పంపేయమన్నాడట. మా మరిది చెయ్యి కూడా కడుక్కోకుండా వాదించాడు. ఆడగుర్రాన్ని ఎప్పుడంటే అప్పుడు తీసుకెళ్తే ఎలా నిలుస్తుంది? ముందు ఒక మామూలు గుర్రాన్ని కంచె అవతల నడిపించి చూడాలి. ఇది చెవులు వాల్చి తన్నబోతే ఇంకా రోజులు రాలేదని, తోక పక్కకు జరిపి నిలబడితే ఎదకొచ్చిందని. దీని వంతు వచ్చిన రోజు అలా చూడకుండానే, ఎర్రగుర్రానికి ఆ రోజు ఖాళీ ఉందని లాక్కుపోయారు. అయినా ఆ ఎర్రగుర్రానికి వయసు మీరింది, ఈ ఏడు ఇంకో మూడూ వట్టివే తిరిగొచ్చాయి. దాన్ని పరీక్ష చేయించారా? చేయించరు. తలుపు మీద ఇత్తడి రేకు ఉందిగా!

నాకు మా ఊరి వెనక బెంచీ ముసలాయన వచ్చి పక్కన కూర్చున్నట్టనిపించింది.

నేను నెమ్మదిగానే మొదలుపెట్టాను. నువ్వు రెండేళ్ళకోసారి సెలవు పెట్టుకుని వెళ్ళేది ఎవరి రోజులు చూసి? కఫీలుకు వీలైన రోజులు చూసి. వెళ్ళాక ఆ నెలన్నరలో మీ అమ్మగారు పిల్లల కోసం అని నలభై రోజుల దీక్ష పట్టించి, మీ ఇద్దరినీ వేరువేరు చాపల మీద పడుకోబెట్టి, గుళ్ళన్నీ తిప్పి, దీక్ష విరమించిన మర్నాడు నిన్ను విమానం ఎక్కించారు. ఇది నువ్వే నవ్వుతూ చెప్పావు. ఇక నిన్నెవరు పరీక్ష చేశారు?

"వదినా! నన్ను జంతువుతో పోలుస్తారా?"

"నిన్ను కాదు నాయనా, నా తోటికోడల్ని ఆ చుక్క గుర్రంతో పోలుస్తున్నాను. దానికైనా నీలాంటి వకీలు దొరికాడు."

అన్నం వదిలేసి లేచిపోయాడు. మావారు "మగవాణ్ణి అలా అనొచ్చా?" అన్నారు. నేను పప్పుగిన్నె ఎత్తి లోపల పెట్టేశాను. తరవాతి రెండు శుక్రవారాలూ అతను రాలేదు. నాకు మాత్రం ఆ రెండు వారాలూ ఊరినుంచి ఎవరు వచ్చారని తెలిసినా వెళ్ళి ఆరా తీసేదాన్ని. ఈలోగా ముహూర్తం పెట్టేసి నా తోటికోడల్ని పుట్టింటికి పంపేశారేమో అని.

మూడోవారం మధ్యలో నేను డ్యూటీలో ఉండగా ఆసుపత్రి గేటు దగ్గర కనిపించాడు, బట్టలకు ఇంకా గడ్డి అంటుకుని ఉంది. ఆ ఉదయమే బండి వచ్చిందట. చుక్క గుర్రం ఎక్కనని మొండికేస్తే మేనేజరు ఇతన్నే పిలిచి ఎక్కించమన్నాడట. నేను చెయ్యి వేస్తే నమ్మి ఎక్కేసింది వదినా, అన్నాడు. నేల చూస్తూ, ఆ పరీక్ష ఎక్కడ చేస్తారు అని అడిగాడు.

డాక్టరుగారితో మాట్లాడి ఏర్పాటు చేశాను. ఆ చిన్న సీసాను జేబురుమాలులో చుట్టి, దొంగసొత్తు దాచినట్టు చంకలో పెట్టుకుని వరండాలో అతను నడిచొచ్చిన తీరు తలచుకుంటే ఇప్పటికీ నవ్వూ కన్నీళ్ళూ కలిసే వస్తాయి. డాక్టరుగారు నిదానంగా, లోపం అతనిలో ఉందని, ఆశ బొత్తిగా లేదనీ చెప్పలేను, ఉందనీ చెప్పలేను అని విడమరిచారు. పెళ్ళయిన నాటి నుంచి గొడ్రాలనిపించుకున్న మనిషిలో లోపం ఉందో లేదో ఎవరూ చూడలేదు, చూడకుండానే తీర్పు చెప్పారు.

ఆ శుక్రవారం మా ఇంట్లో కొత్త క్యాసెట్టు పెట్టుకుని కూర్చున్నాడు. మావారిని బయటికి పంపి, "మీరుండండి వదినా, నేను మధ్యలో ఆపేస్తే మళ్ళీ నొక్కండి" అన్నాడు. నిజంగానే ఆపేశాడు, నేను నొక్కాను. "అమ్మా, పరీక్ష చేయించుకున్నాను, లోపం నాదే, ఆ సంబంధం వాళ్ళకు వద్దని చెప్పెయ్యి" అన్నాడు. మళ్ళీ ఆపాడు. ఈసారి నేను నొక్కకముందే తనే నొక్కి, "ఈ క్యాసెట్టు నా భార్యను పక్కన కూర్చోబెట్టుకుని విను, జవాబులో తననూ మాట్లాడమను" అన్నాడు.

జవాబు రావడానికి చాలా రోజులు పట్టింది. అందులో ఒక పక్క నిండా అత్తగారు నన్నే తిట్టింది, చదువుకున్న కోడలు కొంప ముంచిందని, కొడుకు చేత పరువు తక్కువ మాటలు పలికించిందని. నేను ఆ తిట్లను పులుసు కలుపుకుంటూ హాయిగా విన్నాను. క్యాసెట్టు తిప్పి పెడితే రెండో పక్క కాసేపు ఖాళీగా తిరిగింది. తరవాత గాజుల చప్పుడు దగ్గరగా వినిపించింది. ఆ పైన నేను పెళ్ళిలో తప్ప ఎన్నడూ వినని ఒక సన్నటి గొంతు, "అక్కా, నన్నూ మాట్లాడమన్నారు" అంది.

వాళ్ళకు పిల్లలు కలగలేదు. ఎవరూ ఎవరినీ వదిలెయ్యలేదు. ఇప్పుడు ఇద్దరూ ఊళ్ళోనే గేదెలు పెట్టుకుని ఉన్నారు, వీడియోలో ఆవిడే ముందు మాట్లాడుతుంది, అతను వెనకెక్కడో దగ్గుతాడు.

క్యాసెట్లు పోయాయి. ఆ శాల ఉన్నచోట ఇప్పుడు విల్లాలు లేచాయి, నేనే గుర్తుపట్టలేను. ఎర్రగుర్రం ఏమైందో, చుక్క గుర్రం ఇంకెక్కడైనా పిల్లను పెట్టిందో తెలియదు, కానీ మా అల్లుడు చదివే జాబితాల్లాంటివాటిలో ఎక్కడో ఒకచోట మగగుర్రం పేరు ఉండే ఉంటుంది, ఆడగుర్రం పేరు మాత్రం ఉండదు. అదొక్కటీ మారలేదు. సంతాన కేంద్రాల బోర్డులు ఊరూరా వెలిశాయి కనుక లోకం తెలివిమీరిందని అంటారు, నేను నమ్మను. మా అమ్మాయి పై అంతస్తులో మనవాళ్ళే ఒక కుర్ర జంట ఉన్నారు. ఆ పిల్లకు చెయ్యని పరీక్ష లేదు, కట్టని తాయెత్తు లేదు. నీకేం చెప్పారు బాబూ అని ఆ అబ్బాయిని అడిగితే, "నాకేంటి ఆంటీ, మా అన్నలందరికీ పిల్లలేగా" అన్నాడు. అచ్చం ఆ ఇత్తడి రేకే.

నా వయసు వాళ్ళే, అత్తలూ మామలూ అయినవాళ్ళే ఇది చదువుతున్నారని నాకు తెలుసు. మీకే చెబుతున్నాను. మీ కోడల్ని ఇంకో గుడికో, ఇంకో ఆసుపత్రికో పంపకముందు మీ కొడుకును పరీక్షకు పంపండి, ఈ వారమే పంపండి. ఫలితం ఏదైనా సరే, కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని వినండి.