మా ఆవిడ మడతకత్తి

నిన్న పొద్దున కొట్టు తెరిచి అగరబత్తి వెలిగిస్తుండగా ఫోనుకు ఒక మెసేజీ వచ్చింది. 'ప్రియమైన కస్టమర్, మీ వస్తువు వారంటీ ఈ నెలాఖరుతో ముగుస్తుంది, పొడిగించుకోవడానికి ఇక్కడ నొక్కండి' అని. ఏ కుక్కరుదో మిక్సీదో అనుకున్నాను. నరసరావుపేటలో స్టీలు సామాన్ల కొట్టు నడిపేవాడికి ఇలాంటివి రోజుకు నాలుగొస్తాయి. కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చదివితే అది మడతకత్తిది. అలాగే స్టూలు మీద కూర్చుండిపోయాను. బిందె బేరానికొచ్చినావిడ రెండుసార్లు పిలిచిందట, నాకు వినపడలేదు.

ఆ కత్తి మా ఆవిడది. హైదరాబాదులో వాళ్ల చెల్లెలి ఇంటికి వెళ్లినప్పుడు ఒక పెద్ద షాపులో, అద్దాల పెట్టెలో చూసింది. చీరల కొట్లో కూడా ఆమె అంతసేపు నిలబడటం నేనెరగను. అరచేతిలో ఇమిడేంత, స్టీలు పిడి, తెరిస్తే టక్కుమని నిలబడేది. "ఎందుకే నీకిది, ఎవర్ని పొడుస్తావు?" అన్నాను. "ముప్పై ఏళ్లనుంచి కత్తిపీట ముందు చతికిలబడతన్నా. ఆ పీట గడప దాటదు. ఇదైతే నాతోపాటు వస్తది" అంది. తిరుగు ప్రయాణంలో రైలు నడికుడి చేరేసరికి మా పెట్టెలో ఉన్నవాళ్లందరికీ జామకాయ ముక్కలు అందాయి. కాగితమంత పలుచన కోసేది. ఆ పలుచదనం ఆమెకు ఒక పట్టింపు. నేనెప్పుడైనా కాయ కోస్తే, ఆ ముక్కల్ని పొయ్యిలో పెట్టుకోవచ్చని ఎగతాళి చేసేది.

అప్పట్నుంచి ఆ కత్తి ఆమె చేతిసంచిలోనే ఉండేది. ఒక శివరాత్రికి కోటప్పకొండ మీద సంచులు వెతుకుతున్న ఆడ కానిస్టేబులు దాన్ని పట్టుకుంది. "ఏందమ్మా, సామి కాడికి కత్తి తీసుకొని వస్తన్నావు?" అంది. మా ఆవిడ ఏమీ కంగారుపడలేదు. "దోసకాయకమ్మా, ఎండ చానా ఉంది గదా" అని అక్కడే ఒకటి కోసి, ఆమెకూ పెట్టింది. కానిస్టేబులు కత్తి కోసం చెయ్యి చాపితే మాత్రం ఇవ్వలేదు. బల్ల మీద పెట్టి, "చేతికియ్యకూడదమ్మా, ఇద్దరికీ తగువొస్తది. తీసుకో" అంది. దర్శనమయ్యాక ఆ కానిస్టేబులు కూడా కత్తిని బల్ల మీదే పెట్టి, తీసుకోమని చూపించింది. నేను పక్కన నిలబడి నవ్వు ఆపుకోలేకపోయాను.

దాని మీద పేరు సంగతి చెప్పాలి. మా కొట్లో పేర్లు వేసే మిషను ఉంది. గుర్రుమంటూ, చుక్క పక్కన చుక్క పెట్టుకుంటూ స్టీలు మీద పేరు చెక్కుతుంది. మా నాన్న కాలం నుంచీ పేరు లేని స్టీలు మా ఇంట్లో ఉండదు. పెళ్లికి వచ్చిన గిన్నెల మీద మా మామగారి పేరు, మేం కొన్నవాటి మీద మా నాన్న పేరో నా పేరో, అమ్మాయి పుట్టినప్పటివాటి మీద అమ్మాయి పేరు. హైదరాబాదు నుంచి వచ్చిన మర్నాడే కత్తి కొట్టుకు పట్టుకుపోబోతూ, ఎవరి పేరు వెయ్యమంటావని అడిగాను. అలవాటుగా అడిగిన మాటే. ఆమె మాత్రం పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చి, "నా పేరెయ్యండి. ఒట్టి నా పేరే. ముందు ఇంటిపేరొద్దు, ఎనకాల మీ పేరొద్దు" అంది. పిడి మీద అలాగే వేశాను. ఇంటినిండా ఉన్న సామాన్లలో ఆమె పేరున్నది అదొక్కటేనని అప్పుడు నాకు తట్టలేదు. ముప్పై ఏళ్లుగా ఊరందరి పేర్లూ చెక్కినవాణ్ణి, తట్టకపోవడం సిగ్గుచేటే.

తరవాత రెండేళ్లకు ఆమెకు కడుపులో గడ్డ బయటపడింది. గుంటూరు ఆసుపత్రికి తిరగడం మొదలైంది. ఆ మందులకు నోరంతా చేదైపోయి, అన్నం ఇనప ముక్కలా ఉందనేది. పచ్చిమామిడి ముక్క ఒక్కటే కాస్త రుచి తెలిసేది. అదీ పలుచగా ఉంటేనే. కింద కూర్చుని కత్తిపీట తొక్కిపట్టే ఓపిక ఆమెకు పోయింది. మంచం మీద దిండుకు ఆనుకుని, ఒళ్లో పళ్లెం పెట్టుకుని, ఆ మడతకత్తితో తనే కోసుకునేది. రోజు మొత్తంలో ఆమె తన చేత్తో తను చేసుకునే పని అదొక్కటే మిగిలింది. సరిగ్గా అప్పుడే కత్తి చెడింది. తెరిచినప్పుడు పట్టి నిలిపే బద్ద వదులైపోయి, టెంక దగ్గర ఒత్తేసరికి ముడుచుకుని ఆమె చూపుడువేలు తెగింది.

మా బజారులో కత్తులకు సానపట్టే ఆయన ఉన్నాడు. "ఆయన చేత ఒక దెబ్బ కొట్టించుకు రండి, నిలబడుద్ది" అని మా ఆవిడ అంది. నేను వినలేదు. ఐదేళ్ల వారంటీ ఉండగా బయట ఎవడో సుత్తి పెడితే హక్కు పోతుందన్నాను. రోజూ కుక్కర్లు కొనేవాళ్లకు నేను చెప్పే మాటే అది. గ్యాసు పుస్తకంలో దాచిన వారంటీ కార్డు వెతికి తీసి, కత్తిని కొరియరులో కంపెనీకి పంపించాను. పది రోజులకు అది ఎలా వెళ్లిందో అలాగే తిరిగొచ్చింది. ఫోను చేస్తే ఒక అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది.

"పిడి మీద ఏదో చెక్కి ఉంది సార్. అలా మార్పులు చేస్తే వారంటీ వర్తించదు."

"ఏదో కాదమ్మా, మా ఆవిడ పేరు."

"అదే సార్, వర్తించదు."

అక్కడితో ఆగి సానపట్టే ఆయన దగ్గరికి వెళ్లాల్సింది. నాకు రోషం వచ్చింది. స్టీలు మీద పేరు వెయ్యడం తప్పెలా అవుతుందని ఆ రోజంతా కనపడ్డవాళ్లందరితో వాదించాను. అసలు పేరే వెయ్యనట్టు కంపెనీకి మళ్లీ పంపుదామని, ఆదివారం కొట్టు వెనక పాలిష్ చక్రం మీద పెట్టి ఆ పేరు తీసేశాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఇంటికి తెచ్చి మంచం మీద పెడితే, ఆమె తీసుకుని బొటనవేలితో ఆ చోటు తడిమి చూసింది.

"సాపుగా వచ్చింది" అంది. "తిరిగొచ్చినాక మళ్లీ ఏస్తారా?" అని అడిగింది.

"వచ్చిన రోజే వేస్తాను."

"కొడుకుల పెళ్లికి కూడా అబద్ధమాడని మనిషి, నా కత్తికి ఆడతన్నాడు" అని నవ్వింది. మాకు కొడుకులు లేరు. ఆమె హాస్యం అలాగే ఉండేది. ఆమెను ఆఖరిసారి నవ్వించింది నేనే అని ఇప్పటికీ ఒక మూల సంతోషం, ఆ నవ్వించిన పని తలుచుకుంటే ఏడుపు.

రెండోసారి కత్తి వెళ్లాక ఆమె రోజూ మధ్యాహ్నం "కొరియరు వచ్చిందా?" అనేది. కొట్లో ఉన్న కత్తులన్నీ తెచ్చిచ్చాను. పెద్దవి, బరువైనవి, ఆమె చేతిలో నిలవలేదు. ఇక నేనే కింద కూర్చుని కత్తిపీట మీద మామిడికాయ కోశాను. ఎంత ఒళ్లు దగ్గర పెట్టుకుని కోసినా దుంగల్లాగే వచ్చాయి. ఆమె రెండు ముక్కలు చప్పరించి పళ్లెం పక్కకు జరిపింది. "బానే ఉన్నయ్, రేపు తింటాలే" అంది. బాగాలేవని అన్నా నాకు ఇంత బాధ ఉండేది కాదు. ఆ వారంలోనే గుంటూరు తీసుకెళ్లాం. ఆమె మళ్లీ ఇంటికి నడిచి రాలేదు.

మా వైపు పెద్దకర్మకు వచ్చినవాళ్లకు పోయినవాళ్ల పేరు చెక్కిన పళ్లేలు పంచుతారు. ఎన్నో ఇళ్లకు నేనే చెక్కి ఇచ్చాను. ఆమెవి వేరేవాళ్ల చేత చేయించమని అమ్మాయి బతిమాలింది. నేను ఒప్పుకోలేదు. తొమ్మిదో రోజు కొట్లో నేల మీద కూర్చుని, నూట యాభై పళ్లేల మీద 'కీర్తిశేషులు' అని, దాని పక్కన ఆమె పేరూ చెక్కుకుంటూ పోయాను. ఇంటినిండా ఒక్క గిన్నె మీద లేని పేరు ఊరంతటికీ పంచడానికి సిద్ధమైంది. సగంలో ఉండగా కొరియరు అతను వచ్చి సంతకం పెట్టించుకుని వెళ్లాడు. కంపెనీవాళ్లు బాగుచెయ్యలేదు, కొత్త కత్తి పంపించారు. దానికి మళ్లీ కొత్తగా ఐదేళ్ల వారంటీ కూడా ఇచ్చారు, నిన్న మెసేజీలో ముగుస్తుందన్నది అదే. వాళ్లను తప్పుపట్టడానికి ఏమీ లేదు. పాతది పంపమని ఫోను చేశాను. "పాతవి తుక్కులోకి వెళ్లిపోతాయి సార్. కొత్తది బాగానే ఉంది కదా?" అంది ఆ అమ్మాయి. బాగానే ఉందమ్మా అన్నాను.

వచ్చిన రోజే పేరు వేస్తానని మాటిచ్చాను కాబట్టి, కత్తిని ఒళ్లో పెట్టుకుని మిషను ఆన్ చేశాను. ఒట్టి ఆమె పేరే, ముందూ వెనకా ఏమీ లేకుండా. కళ్లలో నీళ్లు నిండి పిడి సరిగ్గా కనపడలేదు. పొద్దుట్నుంచీ చెక్కిన అలవాటుకు చెయ్యి తనంతట తనే కదిలింది. మిషను ఆపి చూసుకునేసరికి పిడి మీద చుక్కలు చుక్కలుగా 'కీర్తిశే' అని పడి ఉంది.

చెరిపే చక్రం పక్కనే ఉంది, కానీ దాన్ని మళ్లీ తాకలేకపోయాను. ముందు ఏ మాటా చేర్చకుండా ఆమె పేరు రాయగలిగిన కాలం ఒకటి నాకుండేది. అది దాటిపోయిందని నాకంటే ముందు నా చేతికి తెలిసింది.