దోన్యా హెర్మిందా చీజ్ ముక్క

మేమంతా గౌరవంగా దోన్యా అని పిలిచే హెర్మిందాకు ఒకటే జబ్బు. ఎవరు మంచి పని చేసినా నాలుకతో "టక్" మనిపించి, మరుక్షణం ఓ చీజ్ ముక్క చేతిలో పెడుతుంది. చెడ్డ పని చేస్తే చూడనట్టే ఊరుకుంటుంది. కుక్కలకు తర్ఫీదివ్వడానికి పుస్తకాలు చదివి నేర్చుకున్న పద్ధతి అది. మా ఊరు మోంతెవిదేవోలో మనుషుల మీద కూడా వాడేస్తోంది.

స్టాపులో సరిగ్గా ఆపిన బస్సు డ్రైవరుకు టక్. తూకం సరిగ్గా వేసిన మాంసం కొట్టు నెల్సన్‌కూ టక్.

"నేనేమన్నా కుక్కనా, దోన్యా?" అని మండిపడ్డాడు నెల్సన్.

"కాదు నాయనా. కుక్కయితే ఇంత విసుక్కోదు. తిను."

తిన్నాడు. ఇప్పుడు ఆవిడ కనబడితే చాలు, ముల్లు నిలిచేదాకా త్రాసు మీద చెయ్యి వెయ్యడు.

ఇదంతా నాకు నవ్వులాటే, నా బాగ్రె జోలికి రానంతవరకు. రేవులో దొరికిన కుక్క, నేనే పెంచాను. గొంతు చించుకున్నా నా దగ్గరికి రాడు. రేవు ఒడ్డున చంకలో మాతే కషాయం ఫ్లాస్కుతో కూర్చున్న ఆవిడ టక్‌మంటే మాత్రం ఆ చివరనుంచి పరుగెత్తుకెళ్తాడు. చూసి మూడు నెలలుగా కుళ్ళి చస్తున్నాను. పైగా వాడు రోడ్డుకడ్డం పడి ఓ మోటారుసైకిలును పడేశాడు. ఆదివారానికి దారికి రాకపోతే ఊరవతల పొలానికి పంపెయ్యమంది మా ఇంటి యజమానురాలు.

ఆదివారం రానే వచ్చింది.

"నా కుక్కను లాక్కున్నారు, దోన్యా!" అన్నాను ఉండబట్టలేక.

"వాడు ఆలస్యంగానైనా నీ దగ్గరికొస్తే ఏం చేస్తావు, విల్మార్?"

"తిడతాను. తిట్టొద్దూ?"

"రానందుకు తిట్టాననుకుంటావు నువ్వు. వాడికేమో వచ్చినందుకు పడ్డాయి తిట్లు."

ఒళ్ళు మండి, దూరంగా గోడ మీద కూర్చుని కళ్ళప్పగించి చూశాను. బాగ్రె ఆవిడకు చెయ్యందించాడు. చీజ్ లేదు. పొర్లాడు. లేదు. తలతిప్పి నా వైపు చూశాడు. టక్! చీజ్. మళ్ళీ చూశాడు. టక్!

"ఇన్నాళ్ళూ పెట్టింది నా మొహం చూసినందుకా?"

"మరి? ఆ మొహంలో భయపడాల్సిందేమీ లేదని వాడికి నమ్మకం కుదరడానికి మూడు నెలలు పట్టింది. ఊఁ, పిలువు. మెల్లగా."

పిలిచాను. వాడు ఆవిడను దాటి సూటిగా నా కాళ్ళ దగ్గరికి వచ్చాడు. నోటిదాకా వచ్చిన తిట్టు మింగేసి, భోజనానికి తెచ్చుకున్న మాంసం రొట్టె మొత్తం వాడి ముందు పెట్టేశాను.

"ముక్కయ్యా, ముక్క! మొత్తం కాదు, బుద్ధిలేనివాడా!" అని అరిచింది దోన్యా. ఆవిడ ఒకరిని తిట్టడం వినడం నాకు అదే మొదటిసారి.