పసరు సంగతి కూడా రాయమన్నారు

మా అత్తగారు ముప్పై ఏళ్లు గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు దగ్గర నిలబడి బత్తాయిలు అమ్మారు. మార్కెట్టు అక్కణ్ణుంచి తరలిపోయేనాటికి ఆవిడ మోకాళ్లు కూడా సెలవు అడిగాయి. ఎల్‌బీ నగర్ చౌరస్తా దగ్గర ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కుడి మోకాలి చిప్ప మార్పించాం.

మూడో వారంలో కుట్ల దగ్గర ఎర్రబడి నీరు కారడం మొదలైంది. రెండుసార్లు తీసుకెళ్లాం. రెండుసార్లూ కట్టు విప్పి చూడకుండానే, "వయసు కదమ్మా, తగ్గుతుంది" అని నొప్పి మాత్రలు రాసి పంపేశారు. ఆపరేషన్ చేసిన పెద్ద డాక్టరు దర్శనమే దొరకలేదు. తర్వాత జ్వరం వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంకో డాక్టరు కీలులోంచి నీరు తీసి పరీక్ష చేయించి, లోపల చీము పట్టింది, మళ్లీ తెరిచి కడగాలి అన్నారు. రెండో ఆపరేషన్‌తో కాలు దక్కింది గానీ సరిగా వంగదు. చేతికి కర్ర వచ్చింది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా గోదావరి వైపు నోరు, మా ఆయన వాళ్ల నల్గొండ మొండితనం కలిస్తే ఆ ఆసుపత్రి పని అయిపోయినట్టే అనుకున్నాను. అత్తగారు మాత్రం ఎప్పుడు కేసు మాటెత్తినా, "పోనీయి బిడ్డా" అని గోడవైపు తిరిగేవారు. భయపడుతున్నారేమో అనుకుని, బతిమాలి మా కాలనీ లాయరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను.

లాయరమ్మ నా ఆవేశాన్ని ముందు చల్లార్చింది. "ఇన్‌ఫెక్షన్ రావడమే నేరం కాదండీ, ఎక్కడైనా రావచ్చు. రెండుసార్లు చెప్పినా చూడకపోవడం, అదీ మన కేసు" అంది. వైద్యం వివరాలన్నీ ఉండే కేసు షీటు కావాలని ఆసుపత్రికి రాతపూర్వకంగా అర్జీ పెట్టమంది. రెండో డాక్టరు అభిప్రాయం కాగితం మీద తీసుకోమంది. నష్టపరిహారానికి జిల్లా వినియోగదారుల కమిషన్, డాక్టరు మీద చర్యకు మెడికల్ కౌన్సిల్, ఇవి రెండూ వేర్వేరు దారులని చెప్పింది. చివర్లో అడిగింది: "ఇంట్లో ఏమైనా నాటుమందు వాడారా?"

లేదన్నాను. అత్తగారు తల వంచుకున్నారు.

"పూసిన. రెండోసారి దవాఖానకెళ్లి ఒచ్చినంక, మార్కెట్ల నాతోని అమ్మినామె పసరు తెచ్చిచ్చింది. కట్టు జరిపి పూసిన. నా కాలు నేనే ఖరాబ్ చేసుకున్ననేమో."

ఇన్నాళ్లూ ఆ గోడవైపు తిరగడం భయంతో కాదు. తప్పంతా తనదేనని లోపల్లోపల కుమిలిపోతున్నారు. నాకు ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది. అయినా నా బుద్ధి ఎటు పోయిందో చూడండి. "అత్తయ్యగారూ, ఆ సంగతి మనం ఎత్తకపోతే ఎవరికి తెలుస్తుందండీ?" అన్నాను.

ఆవిడ నన్ను చూసిన చూపుకి నేను కుర్చీలో చిన్నదాన్నయిపోయాను.

"మచ్చ పండు కింద దాచి ఏనాడన్న అమ్మిన్నా? గిరాకి అడగకముందే మచ్చ చూపెట్టి ఇచ్చిన. గిప్పుడెందుకు దాస్త? గది గూడ రాయమను."

లాయరమ్మ తేదీతో సహా రాసింది. ఫిర్యాదు మొదటి పేజీలోనే పసరు. రెండో డాక్టరు కూడా దాచకుండా రాశారు: పసరు పూయడం మంచిది కాదు, కానీ పసరు పూయకముందే కనిపించిన ఆ ఎరుపూ నీరూ లోపలి చీముకు గుర్తులే, అప్పుడే పరీక్ష చేయాల్సింది.

కమిషన్‌లో రాజీకి కూర్చోబెట్టారు. ఆసుపత్రి తరఫు లాయరు చాలా మర్యాదస్తుడు. రెండో ఆపరేషన్ ఖర్చు ఇస్తారట, పరిహారం కూడా ఇస్తారట. నాటువైద్యం వల్లే ఇలా జరిగిందని ఉన్న ఒక కాగితం మీద మాత్రం ఈవిడ వేలిముద్ర వేయాలట. పుండు మీద కారం చల్లడమంటే అదే. నేను నోరు తెరిచేలోపే అత్తగారు కర్ర ఆనించి లేచారు.

"సారూ, నా తప్పు నేను రాసిన. మీ తప్పు మీరు రాయుండ్రి. పైసలు తర్వాత మాట్లాడుదాం."

నా జీవితంలో ఎవరి పక్కన కూర్చున్నందుకూ నేను అంత గర్వపడలేదు.

మరో మూడు వాయిదాలు తిరిగాం. మెట్రోలో ఎల్‌బీ నగర్ దాకా, అక్కణ్ణుంచి ఆటోలో. నేను విసుక్కున్నాను గానీ ఆవిడ ఒక్కసారీ విసుక్కోలేదు. చివరికి ఉత్తరం వచ్చింది. రెండుసార్లు వచ్చినప్పుడూ గాయాన్ని పరీక్షించకపోవడం మా పొరపాటేనని, ఆసుపత్రి ముద్రతో, సంతకంతో.

అత్తగారికి చదువు రాదు. నాచేత రెండుసార్లు చదివించుకున్నారు. తర్వాత, "మా పొరపాటు అని ఏడుంది బిడ్డా?" అని అడిగారు. చూపించాను. ఆ మాట మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే ఉంచారు.