ఉల్లిగడ్డల బండి వెనకాల ఏడో ఎక్కం

మూతికి గుడ్డ కట్టుకోకుండా గడప దాటితే పోలీసుల కంటే ముందు పక్కింటివాళ్ళే అరిచే రోజులవి. ఇప్పుడు తలుచుకుంటే నిజంగా అట్లా బతికామా అనిపిస్తుంది గానీ, నాకు మాత్రం ఆ కాలం అనగానే జబ్బూ గుర్తుకు రాదు, మందూ గుర్తుకు రాదు, ఉల్లిగడ్డల వాసన గుర్తుకొస్తుంది. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. టీచరు ట్రైనింగు ముగించి, పెద్దముడియం పక్కన ఒక చిన్న ఊరి ఎలిమెంటరీ బడిలో తాత్కాలిక టీచరుగా చేరాను. నెల తిరగకముందే బడికి తాళం పడింది. ("నీ పాదం మహిమ" అంది మా అమ్మ. కన్నతల్లి మరి!) ఒకరోజు బడి పెద్దసారు ఫోను చేసి, "పాపా, పిల్లోళ్ళకు ఇంటికాడే చదువు చెప్పాలంట. నెల దాటినాక ఆఫీసరు సారు వచ్చి చూస్తాడు. వాళ్ళకు ఏమీ రాలేదనుకో, వచ్చే ఏడు నీ పోస్టు ఉండదు. ఆపైన నన్ను అనొద్దు" అని పెట్టేశాడు.

ఇంటికాడ చదువు చెప్పడమెట్లా? ఫోనులో చెబుదామంటే ఆ ఊరి ఫోన్లన్నీ తెల్లారగానే నాన్నల జేబుల్లో నాపరాళ్ళ గనులకు వెళ్ళిపోతాయి. టీవీలో చూడమందామంటే సరిగ్గా పాఠం వేళకే కరెంటు పోతుంది. ఆలోచించి ఆలోచించి బుర్ర వేడెక్కిపోయాక, ప్రతి ఇంటి ముందుకూ ఒక్కరోజు కూడా తప్పకుండా వచ్చేదేమిటో తట్టింది. పాత ఇనుము తీసుకుని ఉల్లిగడ్డలిచ్చే ఆటో! కువైట్ నుంచి వచ్చి ఆ ఆటో కొనుక్కున్న ఉల్లిగడ్డల మామ దగ్గరికి పోయి, నా గొంతుతో ఎక్కాలు రికార్డు చేసి ఇస్తాను, నీ మైకులో వెయ్యి మామా, పిల్లలు ఎవరి అరుగు మీద వాళ్ళు కూర్చుని వింటారు అన్నాను. మామ సంతోషంగా ఒప్పుకున్నాడు గానీ తన కూత తీసేయనన్నాడు. "నా కూత లేకుంటే ఇది ఉల్లిగడ్డల బండని ఎవరికి తెలుస్తాది మ్యాడమ్? నీది రెండు ముక్కలు, నాది ఒక ముక్క. న్యాయమే కదా?" అన్నాడు. న్యాయమేనని నేనూ తలూపాను. నా తెలివి అంతవరకే.

మర్నాటి నుంచి ఊరంతా ఒకటే మోత. "ఏడు ఒకట్ల ఏడు! ఏడు రెళ్ళు పద్నాలుగు! పాత ఇనుప సామాన్లకు ఉల్లిగడ్డలూ!" మొదటిరోజే ఒక జేజి చిల్లుపడిన బాండ్లి పట్టుకుని ఆటోకు అడ్డం నిలబడింది. "ఉల్లిగడ్డలు మాకుండాయి గానీ, దీనికి ఎన్ని ఎక్కాలొస్తాయో చెప్పు మే" అని నన్ను నిలదీసింది. చదువు ఊరికేనే జేజీ అంటే నమ్మలేదు. "ఊరికే ఇచ్చేది మంచిది ఎట్లయితాది?" అని బాండ్లి తక్కెట్లో పడేసి, మూడో తరగతి చదివే మనవరాలిని ఆటో వెనక నిలబెట్టింది. ఆ పిల్లను ఊళ్ళో అందరూ మూగపిట్ట అనేవాళ్ళు. బడి నడిచిన ఆ కొద్దిరోజుల్లో నేను దాని గొంతే వినలేదు. జేజి దుడ్డు పెట్టి కొన్నంత దర్జాగా మనవరాలిని పంపేసరికి మిగతా తల్లులు ఊరుకుంటారా? ఇంటింటికీ విరిగిన కొడవళ్ళు, తుప్పు పట్టిన బొక్కెనలు బయటికొచ్చాయి. అరుగుల మీద కూర్చోవలసిన పిల్లలు మూతులకు గుడ్డలు కట్టుకుని, బారెడు బారెడు ఎడంగా, ఆటో వెనక ఎక్కాలు పాడుతూ నడిచారు. నేను ఆఖరున నడుస్తూ, నా అంత టీచరు జిల్లాలోనే లేదనుకున్నాను.

ఆఫీసరు సారు రానే వచ్చాడు. బడి ముందు చెట్టు నీడలో, ఒక కాలు వంకర పోయిన ఇనుప కుర్చీ వేసి కూర్చోబెట్టాము. ఆయన పిల్లలందరినీ వరసగా నిలబెట్టి, చూపంతా తిప్పి తిప్పి, ఖర్మ, మూగపిట్ట మీదే ఆపాడు. "ఏడో ఎక్కం చెప్పమ్మా." చప్పుడు లేదు. పక్కవాణ్ణి అడిగాడు. వాడూ నోరు తెరవలేదు. ఒక్కరంటే ఒక్కరు! పెద్దసారు నా వైపు చూసి కళ్ళు దించుకున్నాడు. పోస్టు పోయింది, అమ్మకు ఏం చెప్పాలిరా దేవుడా అనుకున్నాను. అప్పుడు జేజి ముందుకొచ్చింది.

"నిలబెట్టి అడిగితే ఎట్ల చెప్తారు సారూ? వాళ్ళు నేర్సుకునిందే నడస్తా. నడిపించి అడుగు!"

"ఏందవ్వా నువ్వు చెప్పేది?" అని ఆయన నోరెళ్ళబెట్టేలోపే, బడి ముందే బండి ఆపుకుని చూస్తున్న ఉల్లిగడ్డల మామ ఆటో స్టార్టు చేశాడు. ఆటో కదిలింది, పిల్లల కాళ్ళు కదిలాయి, కాళ్ళతో పాటు నోళ్ళూ కదిలాయి. మైకు ఆపేసి ఉన్నా సరే, అందరికంటే పైన మూగపిట్ట గొంతు! "ఏడు ఏడులు నలభై తొమ్మిది! ఏడు ఎనిమిదులు యాభై ఆరు! పాత ఇనుప సామాన్లకు ఉల్లిగడ్డలూ!" ఆఫీసరు సారు ఫైలు చంకన పెట్టుకుని వెనకాలే ఉరికాడు. మూడు వీధులు తిరిగి, పన్నెండో ఎక్కం దాకా విని, రొప్పుతూ తిరిగొచ్చేసరికి చెట్టు కింద కుర్చీ లేదు. ఆయనకంటే ముందే తిరిగొచ్చిన ఆటో దగ్గర జేజి దాన్ని తూకానికి వేసి కొంగు నిండా ఉల్లిగడ్డలు పోసుకుంటోంది. "కాలు వంకరపోయినేది బడికెందుకు సారూ? పదమూడో ఎక్కం వేయించుకుంటాం" అంది. పాపం ఆయన ఆటో ముందు భాగం మీదే ఫైలు పెట్టుకుని రాసుకుని, "ఎక్కాలు బాగానే వచ్చినాయి. ఆ ఉల్లిగడ్డలు మాత్రం ఏ సిలబస్‌లో ఉండాయో నాకు చెప్పమ్మా" అన్నాడు. నా పోస్టు మాత్రం నిలిచింది.

ఇప్పుడు నేను పులివెందుల వైపు ఇంకో బడిలో పనిచేస్తున్నాను. మొన్న ప్రొద్దుటూరు బస్టాండులో హైస్కూలు బట్టల్లో ఒక పొడుగాటి పిల్ల "టీచర్!" అని గట్టిగా అరిచింది. మూగపిట్ట! "జేజి ఇంకా అడుగుతాంది టీచర్, కుర్చీకి రావాల్సిన పదమూడో ఎక్కం యాడని" అంది నవ్వుతూ. నాకేదో కొంటెతనం పుట్టి, "ఏడు ఎనిమిదులు ఎంతే?" అన్నాను.  ఆ పిల్ల రెండడుగులు ముందుకు వేసి, "యాభై ఆరు" అంది. అప్పుడు చూసుకున్నాను, ఎక్కవలసిన బస్సును వెనక వదిలేసి నేనూ దాని వెనకాలే రెండడుగులు నడిచి ఉన్నాను.