కారులోకి నీళ్లొచ్చే దారి

మొన్న ఆదివారం పొద్దున మా అత్తమ్మ పోయింది. చర్చికని తెల్లచీర కట్టుకుని, చెప్పులేసుకునే ముందు ఒక్క నిమిషం కూర్చుంటానని వరండా కుర్చీలో కూర్చుంది. నేను తలుపుకు తాళం వేసి వచ్చేసరికి తల ఒక పక్కకు వాలిపోయి ఉంది. గని ఆస్పత్రిలో ఉద్యోగకాలమంతా నర్సుగా చేసిన మనిషి. పరామర్శకు వచ్చినవాళ్లు ఆమె వేసిన సూదుల గురించి, పోసిన పురుళ్ల గురించి చెబుతున్నారు. వింటున్నాను గానీ, నాకు మాత్రం ఆ పాత కారు, ఆ మూడు మధ్యాహ్నాలే కళ్లలో మెదులుతున్నాయి.

నేను కోడలిగా మహారాష్ట్రలోని చంద్రపూర్ వచ్చిన కొత్త. టీవీ పెడితే చాలు, కొత్త చిన్న కార్ల ప్రకటనలు. మా ఆయన థర్మల్ పవర్ స్టేషన్‌లో ఇంజనీరు. ఊళ్లో తుకుం అనే పేటలో మా ఇల్లు. పెరట్లో రేకుల షెడ్డు కింద మామయ్య కారు ఉండేది. ఎప్పుడో గని మేనేజరు ఒకాయన బదిలీ మీద వెళ్తూ ఆయనకు అమ్మేసినది. లేత ఆకుపచ్చ రంగు, గుండ్రటి వీపు, మా ఆయన కంటే వయసులో పెద్దది. మామయ్య పోయి అప్పటికి ఏడాది నిండలేదు.

ఆ యేడు మొదటి వానలకే కారులోకి నీళ్లు రావడం మొదలైంది. డ్రైవరు కాళ్ల దగ్గర మడుగు కట్టేది. తలుపు తీస్తే నానిన గోనెసంచి వాసన. మెకానిక్ ముందు అద్దం చుట్టూ రబ్బరు మార్చాడు. అయినా నీళ్లు ఆగలేదు.

“కింద రేకంతా తుప్పు పడుతుందమ్మా. ఇగ దీని పని అయిపోయింది. గడ్‌చాందూర్ నుంచి పాత సామాన్లాయన శనివారం వస్తనన్నడు, ఇచ్చేద్దాం,” అన్నాడు మా ఆయన. బండిని షెడ్డులోంచి తీసి వాకిట్లో పెట్టాడు. మామయ్య పోయాక అత్తమ్మ మాటలు బాగా తగ్గిపోయాయి.

అంతకు ముందు వారమే నా కడుపు పోయింది. మూడో నెల. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. మా ఆయన నా మొహం చూడలేక తెల్లారగానే ప్లాంటుకు వెళ్లిపోయేవాడు. నేను కిటికీ పక్కన పడుకుని, చిమ్నీల పొగ ఎక్కడ ఆగి మబ్బు ఎక్కడ మొదలవుతుందో చూస్తూ ఉండేదాన్ని.

బుధవారం మధ్యాహ్నం అత్తమ్మ పౌడరు డబ్బాతో వచ్చి మంచం దగ్గర నిలబడింది.

“లే బిడ్డా. నాకు ఇంకో రెండు కళ్లు కావాలె.”

అప్పటికే ఆమె కారులోని చాపలు తీసేసింది, కింద రేకును పొడిగుడ్డతో తుడిచింది. తడి ఆరిందో లేదో చేత్తో కాకుండా చెంపతో చూసేది. ఆస్పత్రిలో పసిపిల్లల గుడ్డలు చూసిన అలవాటు. రేకంతా తెల్లగా పౌడరు చల్లింది. చుక్క నీరు పడినా గీత కనిపించాలట.

గోడ అవతల నుంచి పక్కింటి మరాఠీ ఆవిడ, “కాకూ, గాడీలా పావ్‌డర్?” అని నవ్వింది. కారుకు పౌడరా అని. “తిచీ ఆంఘోళ్ ఝాలీ నా,” అంది అత్తమ్మ తల తిప్పకుండానే. స్నానం అయింది కదా మరి!

నన్ను టార్చితో లోపల కూర్చోబెట్టి, ఆమె బయట పైపు పట్టుకుంది. తలుపు అడుగు నుంచి మొదలుపెట్టింది. గడియారం చూసుకుంటూ ఒక్కో చోట పది నిమిషాలు. “తొందరపడి పైనుంచి పోస్తే అన్నీ తడుస్తయి, ఏదీ తెల్వది,” అనేది. “రోగి నొప్పి అన్న చోటనే రోగం ఉండది. నీళ్లు గూడ గంతే.” రెండు మధ్యాహ్నాలూ తలుపులకు, వెనక అద్దానికే సరిపోయాయి. పౌడరు మీద ఒక్క గీత పడలేదు. ముందు భాగం మిగిలింది.

శుక్రవారం పైపు తగిలించేలోపే వాన దిగింది. ఇద్దరం లోపలికి దూరి తలుపులు వేసుకున్నాం. నాలుగు అద్దాల మీదా నీళ్లు జారుతున్నాయి. బయట ప్రహరీ గోడ, తీగ మీద మరిచిపోయిన ఎర్ర చీర, అన్నీ కరిగి ఒకదాంట్లోకి ఒకటి పారుతున్నాయి. లోపల పౌడరు వాసన. ఊరు ఎక్కడో దూరంగా జరిగిపోయినట్టుంది.

“మీ ఆయన కంటె ముందు నాకొక పాప,” అంది అత్తమ్మ, అద్దం వైపే చూస్తూ. “ఏడో నెలల కడుపులనే పోయింది. నేను పనిచేసే ఆస్పత్రిలనే. మీ మామయ్య ఈ కార్లనే ఇంటికి తీస్కొచ్చిండు. గిట్లనే వాన. వాకిట్ల ఆపిండు గాని దిగమనలే.”

“మరి?”

“ఏడ్చి ఏడ్చి నిద్రపోయిన. లేచి చూస్తే ఆయన స్టీరింగు పట్టుకొని గట్లనే కూసున్నడు. వాన ఎప్పుడు తగ్గిందో ఇద్దరికీ తెల్వది.”

ఆమె నా చేతిలోంచి టార్చి తీసుకుంది.

“నువ్వు ఏడువు బిడ్డా. పౌడరు నేను చూస్త.”

ఆ వారం రోజుల్లో నేను ఏడ్చింది అప్పుడే. ఎంతసేపో చెప్పలేను. ఆమె ఓదార్చలేదు, ఒక చెయ్యి నా మణికట్టు మీద పెట్టి కూర్చుంది అంతే.

“ఆగు,” అంది హఠాత్తుగా. “అటు చూడు.”

డ్రైవరు వైపు మూల నుంచి, తెల్లటి పౌడరు మీదుగా, బూడిదరంగు గీత ఒకటి మెల్లగా పాకుతోంది. ఆమె చీర కుచ్చిళ్లు దోపుకుని, డాష్‌బోర్డు కింద తల పెట్టి టార్చి వేసింది. ముందు అద్దానికి ఎదురుగా బయట గాలికోసం ఒక మూత ఉంటుంది. దాని కింద రేకుపెట్టె. అందులో పడ్డ వాన నీళ్లు రబ్బరు గొట్టంలోంచి నేల మీదికి పోవాలి. పోవడం లేదు. పెట్టె నిండి లోపలికి పొంగుతోంది.

వాన తెరిపిచ్చాక గోనెపట్టా పరుచుకుని కారు కిందికి దూరింది. డాష్‌బోర్డు అరలో కొన వంచిన సైకిల్ చక్రం పుల్ల ఒకటి ఉండేది; ఎందుకో ఇంట్లో ఎవరికీ తెలియదు. అది ఇమ్మంది. గొట్టంలో పెట్టి కదిపింది. ముందు ఏమీ రాలేదు. తర్వాత వేపాకులు, పవర్ స్టేషన్ బూడిద కలిసి గట్టిపడిన ముద్ద ఊడిపడింది. వెనకే బుడబుడమని నీళ్లు.

మొహమంతా బూడిద బురదతో ఆమె బయటికి వచ్చింది. చేతిలో పుల్లను తిప్పితిప్పి చూసి పకపకా నవ్వింది.

“ప్రతి ఎండకాలం పొయ్యేముందు మీ మామయ్య బండి కింద దూరి ఏం చేస్తుండో అనుకునేదాన్ని. గిదా! ఒక్కనాడు చెప్పలే ముసలోడు!”

ఆ నవ్వు సగంలోనే ఏడుపైంది. ఈసారి ఆమె మణికట్టు నేను పట్టుకున్నాను.

శనివారం సామాన్లాయన వస్తే చాయ్ ఇచ్చి పంపేసింది. సాయంత్రం వానలో మా ఆయన కారును ఇరై నది దాకా తీసుకెళ్లాడు, పక్కన నేను. తిరిగొచ్చాక వంగి, కాళ్ల దగ్గర అరచేత్తో తడిమాడు. పొడిగా ఉంది. చెయ్యి అక్కడే ఉంచి, “నాకు గూడ మస్తు బాధైతుంది,” అన్నాడు. కారు గురించి కాదని నాకు తెలుసు. ఇద్దరం చీకటి పడేదాకా దిగలేదు.

మరో రెండేళ్లకు మా పాప పుట్టినప్పుడు ఆస్పత్రికి ఆ కారులోనే వెళ్లాం. విడిభాగాలు ఇక దొరకవని తేలాక, అత్తమ్మే దాన్ని ఇచ్చేయమంది. బాధపడలేదు.

సమాధి దగ్గర మట్టి వేస్తున్నప్పుడు నాకు కనిపించింది కారు బాగైన మర్నాటి ఆ ఆదివారం. వాన వెలిసి ఎండ కాసింది. చెమ్మ పట్టిన ముందు సీటు విప్పి ఆరబెట్టడానికి వాకిట్లో పెట్టాం. చర్చి నుంచి రాగానే అత్తమ్మ దాని మీద కూర్చుని, పక్కన చోటు చూపించింది. చుట్టూ వాన నీళ్లు నిలిచాయి. ఇద్దరం కాళ్లు పైకి ముడుచుకున్నాం. నీళ్లలో మబ్బులు వెనక్కి జరుగుతుంటే, సీటు మమ్మల్ని తీసుకుని మెల్లగా ముందుకు పోతున్నట్టుంది. అత్తమ్మ కళ్లు మూసుకుని, మొహానికి గాలి తగిలేలా గడ్డం కొంచెం పైకెత్తింది.